వెర్లిన్‌కి చలేస్తోందట

హాల్వర్ సరస్సు గడ్డకట్టింది. దాని మీద పికప్ ట్రక్కులు తిరగడం మొదలైంది. క్రిస్మస్ వచ్చి వెళ్ళిపోయింది. ఆర్డెల్ మాత్రం ఇంకా మంచు మీదికి రాలేదు.

ముప్పై శీతాకాలాలుగా వెర్లిన్ హాగ్‌స్టాడ్ గుడారంలో ఎడమవైపు బకెట్ బోర్లించుకుని కూర్చునేది ఆర్డెలే. ఈ ఏడు కూడా వెర్లిన్ ఆ బకెట్ తెచ్చి, ఎడమవైపు బోర్లించి, దాని ఎదురుగా మంచుకి బెజ్జం తొలిచి, ఎర వేసి కూర్చుంటున్నాడు. బకెట్ మీద ఎవరూ లేరు. ఆ బెజ్జంలో పడ్డ చేపల్ని ఆర్డెల్ లెక్కలో వేయాలో తన లెక్కలో వేయాలో తెలియక నీళ్ళలోకి వదిలేస్తున్నాడు.

పిలవలేదా అంటే పిలిచాడు. నవంబరులో ఒక ఆదివారం లూథరన్ చర్చి కింది హాల్లో కాఫీల దగ్గర "ఈసారీ వస్తావుగా?" అన్నాడు.

"అబ్బే, నాకోసం నువ్వు ఇబ్బంది పడకు," అన్నాడు ఆర్డెల్.

ఆ ఊళ్ళో దాని అర్థం వస్తాననే. కాని మొదటిసారి పిలిచినప్పుడే ఒప్పుకుంటే ఆబ అంటారు. రెండోసారికి ఒప్పుకుంటే ఆత్రం అంటారు. మూడోసారి పిలిచాక, ఇంతగా బతిమాలుతుంటే కాదనలేక, అన్నట్టు మొహం పెట్టి ఒప్పుకోవాలి. హాల్వర్‌లో పిల్లలు మాటలకంటే ముందు మొహమాటం నేర్చుకుంటారు. చర్చి హాల్లో పళ్ళెంలో మిగిలిన ఆఖరి కేకు ముక్కని ఎవరూ తీసుకోరు. ఒకరు సగం కోసుకుంటారు. తర్వాతివారు ఆ సగంలో సగం కోసుకుంటారు. పాస్టరు దీపాలార్పేటప్పటికి పళ్ళెంలో ఈగకి సరిపడా కేకు ఉంటుంది. ఈగ కూడా ఆ ఊరిదే అయితే అదీ ముట్టుకోదు.

"రావోయ్, నువ్వు లేకపోతే ఏం బావుంటుంది," అన్నాడు వెర్లిన్.

"మోకాలు కొంచెం..." అన్నాడు ఆర్డెల్.

అప్పుడే గేలెన్ బ్రెకె వచ్చి, ఇద్దరి మధ్యా ఫోన్ పెట్టి, తన కొత్త చక్రాల ఇంటి ఫొటోలు చూపించాడు. పికప్‌కి తగిలించి మంచు మీదికి లాక్కెళ్ళే ఇల్లు అది. అందులో మంచాలు, టీవీ, పిజ్జా కాల్చుకునే పొయ్యి, గోడలోంచి వేడిగాలి. నేలలో మూత తీస్తే బెజ్జం కూడా ఉంది, చేపలు గుర్తొస్తే పట్టుకోవచ్చని. గేలెన్ ఆ ఊళ్ళోనే పుట్టాడు కాని, మినియాపొలిస్‌లో ఇన్సూరెన్స్ అమ్మి రిటైరై తిరిగొచ్చాడు. ఎదుటివాడు వద్దంటే వినడం ఆ ఉద్యోగంలో ఎవరూ నేర్పరు.

ఫొటోలు అయిపోయేసరికి కాఫీ అయిపోయింది. ఎవరింటికి వాళ్ళు వెళ్ళారు.

జనవరిలో ఒక బుధవారం, మార్లిస్ సూపు వడ్డిస్తూ మొగుడితో అంది: "ఈ శనివారం ఆర్డెల్ గేలెన్‌తో వెళ్తున్నాడట. చక్రాల ఇంట్లోకి."

"మంచిదేగా," అన్నాడు వెర్లిన్.

ఆ తర్వాత సూపు చల్లారేదాకా చెంచాతో తిప్పుతూ కూర్చున్నాడు. శనివారం ఆ మంచం మీద కూర్చున్నవాడు మళ్ళీ బకెట్ మీద కూర్చుంటాడా? వెర్లిన్ ఎంత ఆలోచించినా ఒకే జవాబు వచ్చింది.

"వాడికి చలేమో," అన్నాడు చివరికి. "గుండెకి మాత్రలు వేసుకుంటున్నాడు కదా. రక్తం పలచబడితే చలి ఎక్కువంటారు."

"అడగరాదూ?"

"ఏమని?"

"చలేస్తోందా అని."

వెర్లిన్ చెంచా కింద పెట్టాడు. "మొగాణ్ణి పట్టుకుని అలా అడుగుతారా ఎవరైనా?"

"అడగరా? మరి ప్యాంటు జిప్పు ఊడిందని చెప్తారా, అదీ చెప్పరా?"

"అది వేరు."

"వేరేం కాదు. మన పెళ్ళిలో నీకు ఎవరూ చెప్పలేదు. ఫొటోలున్నాయి."

హాల్వర్‌లో చలి వాతావరణానికి ఉంటుంది, మనుషులకి ఉండదు. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉన్న రోజు ఒకరికొకరు ఎదురైతే "కొంచెం చల్లగా ఉంది" అనుకోవచ్చు. "నాకు చలేస్తోంది" అనకూడదు. వెర్లిన్, ఆర్డెల్ ముప్పై ఏళ్ళూ హీటరు లేకుండా గడిపారు. లాంతరు ఉండేది. వెలుతురు కోసమే. మిట్టమధ్యాహ్నం కూడా వెలిగించేవాళ్ళు. దాని ఒత్తి సరిచేయడానికి ఇద్దరూ వంతులేసుకుని, చేతి తొడుగులు తీసి, ఒక్కొక్కరు పావుగంట సరిచేసేవాళ్ళు.

మర్నాడు పొద్దున్నే వెర్లిన్ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాడు. గల్లాపెట్టె వెనక బెర్నీస్ మేజోడు అల్లుతోంది. ఆవిడకి డెబ్బై దాటాయి. వెర్లిన్‌కి అరవై ఆరు. ఆవిడ అతన్ని ఇప్పటికీ అబ్బాయ్ అనే అంటుంది.

"హీటరు కావాలి. గుడారంలోకి. ప్రొపేన్ గ్యాసుది," అన్నాడు, మేకుల డబ్బా వంక చూస్తూ.

సూదులు ఆగాయి. "ఎవరికి?"

ఆర్డెల్‌కి అని చెప్పొచ్చు. చెప్తే మధ్యాహ్నానికల్లా ఆర్డెల్‌కి చలని ఊరంతా అనుకుంటుంది. వెర్లిన్ మేకులు లెక్కపెట్టాడు.

"నాకే."

"నీకు చలా, అబ్బాయ్?"

రంగుడబ్బాల దగ్గరున్న ముసలాయన తల తిప్పలేదు. కాని ఆయన చేతిలోని డబ్బా అరలోకి వెళ్ళడం మానేసింది.

"కొంచెం," అన్నాడు వెర్లిన్. ఆ మాట నోట్లోంచి బయటికి రావడానికి పట్టిన కష్టం, అతని కోరపన్ను ఊడడానికి పట్టలేదు.

బెర్నీస్ మేజోడు పక్కన పెట్టి లేచింది. "ఇది చూడు. సిలిండర్ నెత్తిన బిగించుకునేది. పొద్దుతిరుగుడు పువ్వులా ఉందిగా? వేడి బాగా కొడుతుంది. నీ మోకాలు తగిలి ఒరిగినా మండుతుంది. లోపల గాలి అయిపోయినా మండుతుంది. నువ్వు పోయినా మండుతుంది. నమ్మకమైన సరుకు."

"ఇంకోటి?"

"ఇవి పెట్టె రకం. చిన్నది, నడిమిది, పెద్దది. ఒరిగితే ఆరిపోతాయి. గుడారంలో గాలి పలచబడినా ఆరిపోతాయి. నీ గుడారం ఎంత?"

"ఇద్దరు పట్టేది."

"ఇద్దరా? రెండోవాడెవడు?"

"రెండోది బకెట్."

బెర్నీస్ అతని మొహం చూసింది. అడగలేదు. "ఆ గుడారానికి నడిమిది ఫరవాలేదు," అంది.

వెర్లిన్ నడిమిదాని మీదినుంచి చూపు తిప్పుకున్నాడు. ఆ ఊళ్ళో ఫరవాలేదు అనే మాట ఎంత పని చేస్తుందో అతనికి తెలుసు. మేనమామ వేళ్ళు రంపంలో పోగొట్టుకుని ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, ఎలా ఉందంటే ఫరవాలేదన్నాడు. కొట్టం కాలిపోయినవాడు ఫరవాలేదన్నాడు. అలాంటి మాట హీటరు గురించి అందంటే, ఆ హీటరు ఎందుకూ పనికిరాదని అర్థం.

రంగుడబ్బాల దగ్గర ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మా బావకి నడిమిదే ఉండేది."

"ఎలా ఉండేదండీ?"

"ఫరవాలేదు."

"ఇప్పుడూ ఉందా?"

"ఎవరు, బావా, హీటరా?"

వెర్లిన్ పెద్దది తీసుకున్నాడు.

"ఆ గుడారానికి పెద్దదా?" అంది బెర్నీస్. "అదో రకం ఆలోచనే."

హాల్వర్‌లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. వెర్లిన్ అప్పటికి ఆ మాట వినే స్థితిలో లేడు. ఆవిడే పెట్టె మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చెప్పింది. "చిన్న సిలిండర్లు ఈ చలికి బిగుసుకుని గ్యాసు సరిగా వదలవు. పెద్ద సిలిండర్ బయట పెట్టి గొట్టం వేసుకో. హీటరు కింద చెక్క పెట్టు, లేకపోతే మంచులోకి దిగిపోయి చేపలకి కాపడం పెడుతుంది. గుడారానికి పైన కిటికీ బెత్తెడు తెరిచి ఉంచు. కింద ఒక మూల కూడా. వింటున్నావా? అది ఆరిపోయిందంటే చెడిపోయిందని కాదు. నీకేదో చెప్తోందని."

"వింటున్నా."

"వింటే మంచిదే," అంటూ బెర్నీస్ ఫోన్ వంక చూసింది.

షాపు నుంచి వెర్లిన్ ఇంటికి రెండు మలుపులు. అతను పికప్ ఆపేసరికి మార్లిస్ గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకు చలేస్తోందట?" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదో అడుగు. అది తొందరగా అవుతుంది."

శుక్రవారం పొద్దున వెర్లిన్ ఆర్డెల్ షెడ్డుకి వెళ్ళాడు. ఆర్డెల్ బడి బస్సులు బాగుచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు షెడ్డులో చెడిపోనివాటిని కూడా విప్పి బిగిస్తుంటాడు. భార్య పోయాక ఆ షెడ్డులో సామాను ఎక్కువైంది.

"హీటరు కొన్నా," అన్నాడు వెర్లిన్.

"విన్నా," అన్నాడు ఆర్డెల్, అతన్ని పైనుంచి కిందికి చూసి. "ఒంట్లో బాగానే ఉందా?"

"ఫరవాలేదు."

ఆర్డెల్ మొహం మారింది.

"దాన్ని వెలిగించడం నాకు అంతుపట్టట్లేదు," అన్నాడు వెర్లిన్. "నువ్వు యంత్రాలు తెలిసినవాడివి. ఎప్పుడైనా వీలైతే..."

ఆర్డెల్ అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు. పని ఉంది రమ్మంటే ఆ ఊళ్ళో ఒక్క పిలుపు చాలు. సాయం చేయడానికి మొహమాటం అక్కర్లేదు, తీసుకోవడానికే.

"హీటరు చూడ్డానికే వస్తున్నా," అన్నాడు ఆర్డెల్.

"హీటరు కోసమే," అన్నాడు వెర్లిన్.

హీటరు చూడ్డానికే వస్తున్న మనిషి గాలం కర్ర, ఎర డబ్బా, వెన్న రాసిన హామ్ రొట్టెలు కూడా తెచ్చుకున్నాడు. వెర్లిన్ వాటిని చూడనట్టు ఊరుకున్నాడు.

సరస్సు మీద గాలి పడమటినుంచి కొడుతోంది. గుడారం వేశాక వెర్లిన్ పార తీసుకుని దాని అంచు చుట్టూ మంచు పోశాడు. ఆర్డెల్‌కి చలి తగలకూడదని ఇంకొంచెం పోశాడు. తెరిచి ఉంచమన్న మూల మీద రెండు పారలు ఎక్కువ పడ్డాయి. పార వెనక్కి తిప్పి చదును చేసేసరికి ఆ గుడారంలోకి దూరాలంటే కాగితం ముక్కకి కూడా దారి లేకుండా పోయింది.

లోపల ఆర్డెల్ చెక్క పరిచి, హీటరు పెట్టి, గొట్టం బిగించి, సబ్బునీళ్ళు రాసి కారడం లేదని చూశాడు. మీట నొక్కి తిప్పాడు. పలకలు ఎర్రబడ్డాయి. తల ఎత్తి చూస్తే పైన కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. వెర్లిన్‌కి చలి. ఊరంతా చెప్పుకుంటోంది. ఆర్డెల్ లేచి కిటికీ మూసేశాడు.

ఇద్దరూ బకెట్ల మీద కూర్చుని దారాలు నీళ్ళలోకి వదిలారు.

"ఇవి ఉంచు," అంటూ ఆర్డెల్ జేబులోంచి చేతులు వెచ్చబెట్టుకునే సంచులు రెండు తీసి ఇచ్చాడు. "నాకు అక్కర్లేదు."

వెర్లిన్ అవి అందుకున్నాడు. చలిమనిషి తన సంచులు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాడంటే వాడి మనసు ఎంత పెద్దదో అనుకున్నాడు. హీటరు మీట ఇంకో గుర్తు పైకి తిప్పాడు.

కాసేపటికి ఆర్డెల్ కళ్ళద్దాలు మసకబారాయి. వెర్లిన్ టోపీ లోపల చెమట పట్టి, చెవి వెనకగా కారి, మెడలోకి దిగింది. కోటు విప్పొచ్చు. విప్పితే వేడి ఎక్కువైందని చెప్పినట్టు. ఎక్కువైందంటే ఆర్డెల్ తగ్గించమంటాడు. తగ్గిస్తే ఆర్డెల్‌కి చలి. వెర్లిన్ కోటు గుండీ ఒకటి అదనంగా పెట్టుకున్నాడు. అది చూసి ఆర్డెల్, పాపం ఇంకా వణుకుతున్నాడు కాబోలనుకుని, తన కోటు విప్పబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు వెర్లిన్.

"ఫరవాలేదు. నీకు?"

"ఫరవాలేదు."

రొట్టెల్లోని వెన్న కరిగి ఆర్డెల్ మోకాలి మీద కారింది. బెజ్జాల చుట్టూ మంచు కరిగి బూట్ల కింద నీళ్ళు చేరాయి. ముప్పై ఏళ్ళు చలికి నోరు మూసుకు కూర్చున్న ఇద్దరూ, అదే పద్ధతిలో, అదే దీక్షతో ఉక్కకి నోరు మూసుకు కూర్చున్నారు.

హీటరు టక్కుమని ఆరిపోయింది.

"కొత్తది కదా," అన్నాడు ఆర్డెల్. "మొహమాటపడుతోంది." మళ్ళీ వెలిగించాడు.

కొంచెంసేపు వెలిగి మళ్ళీ ఆరింది. ఆర్డెల్ గొట్టం చూశాడు. బయటికి వెళ్ళి సిలిండర్ మీట చూశాడు, లోపలికి వచ్చి గుడారం జిప్పు పూర్తిగా మూసేశాడు. వెర్లిన్ షాపుని తిట్టాడు. పెద్దది కొనమన్నదెవరు అని ఆర్డెల్ అడిగాడు. ఎవరూ కొనమనలేదని వెర్లిన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈసారి వెలిగించడానికి ఆర్డెల్ వేళ్ళు రెండుసార్లు జారాయి.

"తల ఎలా ఉంది నీకు?" అన్నాడు వెర్లిన్. అతనికి కణతలు కొట్టుకుంటున్నాయి.

"ఫరవాలేదు."

హీటరు ఆరిపోయింది. ఆ గుడారంలో తనకి బాగాలేదని పైకి చెప్పగలిగింది అదొక్కటే. మనుషులిద్దరూ దాని వంక కోపంగా చూశారు.

"బెర్నీస్ ఏం చెప్పింది దీని గురించి?" అన్నాడు ఆర్డెల్.

వెర్లిన్ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "ఆరిపోతే అది నీకేదో చెప్తోందని."

ఆర్డెల్ కిటికీ వంక చూశాడు. కింది మూల వంక చూశాడు. తర్వాత లేచి, ఒక్కసారి తూలి, గుడారం జిప్పు కిందినుంచి పైదాకా లాగి తెరిచేశాడు.

చలి లోపలికి వచ్చింది. ఇద్దరూ బయటికి మోకాళ్ళ మీద పాకి, మంచు మీద కూర్చుని, చేపల్లా నోళ్ళు తెరిచి గాలి పీల్చారు. దూరంగా గేలెన్ చక్రాల ఇంటి పొగగొట్టం కనిపిస్తోంది.

"మూలంతా పూడ్చింది నువ్వే," అన్నాడు ఆర్డెల్.

"కిటికీ మూసింది నువ్వు."

"నీకు చలని మూశా."

"నాకు చలా? నీకు చలని కొన్నా దాన్ని!"

"నాకెందుకు చలి?"

"మాత్రలు వేసుకుంటున్నావు కదా."

"అవి ఒంట్లో నీరు తగ్గడానికోయ్," అన్నాడు ఆర్డెల్. "చలితో వాటికేం సంబంధం. వాటి సంబంధమంతా ఉచ్చతోనే."

వెర్లిన్ టోపీ తీశాడు. తల మీదినుంచి ఆవిరి లేచింది. "మరి ఎందుకు రాలేదు ఇన్నాళ్ళూ?"

ఆర్డెల్ చేతి తొడుగు తీసి వెన్న మరక తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"ఆ హీటరే నయం," అన్నాడు. "కిటికీ తీయమని మూడుసార్లు అడిగింది."

"ఏంటి?"

"నువ్వు రెండుసార్లే అడిగావు."

"మూడుసార్లు అడిగాను!"

"రెండు. ఈసారీ వస్తావుగా అన్నావు, ఒకటి. రావోయ్ అన్నావు, రెండు. మోకాలన్నాను. గేలెన్ ఫొటోలు పట్టుకొచ్చాడు. నేను కాఫీ కప్పు పట్టుకుని ఆఖరిదాకా నిలబడ్డాను. నువ్వు కోటేసుకుని వెళ్ళిపోయావు. సరే, ఈసారి ఒక్కడివే ఉండాలనుకుంటున్నావేమో అనుకున్నా."

"ఒక్కణ్ణే ఉండాలనుకుంటే నీ బకెట్ ఎందుకు తెస్తాను?"

"నాకేం తెలుసు, తెస్తున్నావని."

వెర్లిన్ చర్చి హాలు మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాడు. ఒకటి. రెండు. ఫొటోలు. పిజ్జా పొయ్యి ఫొటో దగ్గర తను ఇంటికి వెళ్ళి ఏం తినాలా అని ఆలోచించాడు. మూడు లేదు.

"గేలెన్ ఎన్నిసార్లు అడిగాడు?" అన్నాడు.

"లెక్కపెట్టడం మానేశాను. రేపు వస్తానని చెప్పాక కూడా ఇంకోసారి అడిగాడు."

ఇచ్చిన మాట హాల్వర్‌లో వెనక్కి తీసుకోరు. దానికి చావో ఆస్పత్రో అడ్డం పడాలి. ఇద్దరూ చక్రాల ఇంటి పొగగొట్టం చూస్తూ కూర్చున్నారు.

"రావోయ్," అన్నాడు వెర్లిన్. అది నవంబరులో అనాల్సిన మాట. "రేపు. ఎల్లుండి కూడా. ఇక్కడికే."

"ఇంతగా బతిమాలుతున్నావు కాబట్టి," అన్నాడు ఆర్డెల్ వెంటనే. తర్వాత గడ్డం గోక్కున్నాడు. "గేలెన్‌కి ఏం చెప్పను? నాకు రావాలని లేదని చెప్పలేను కదా."

"అలా ఎలా చెప్తావు!"

"ఒకటుంది," అన్నాడు ఆర్డెల్. "వెర్లిన్‌కి ఈమధ్య చలి పట్టుకుంది, ఆ హీటరు చూస్తే అస్తమానూ ఆరిపోతోంది, పక్కన ఒక మనిషి ఉండాలి, అని చెప్పొచ్చు. ఎలాగూ అందరూ సగం నమ్మేశారు. కాని ఒకసారి చెప్పామంటే ఇంక అదే ఖాయం. నువ్వు ఒప్పుకుంటేనే."

వెర్లిన్ సరస్సు వంక చూశాడు. అతని తాత ఇక్కడే చెక్కపెట్టె మీద కూర్చుని చేపలు పట్టాడు. చలని అన్నట్టు ఎవరూ వినలేదు. తండ్రి అలాగే. ఆ వంశంలో చలి మొదటిసారి వెర్లిన్‌కే వేయాలి. వేస్తే ఇంక చచ్చేదాకా వేయాలి.

"చెప్పు," అన్నాడు.

ఆర్డెల్ అక్కడే ఫోన్ తీసి, గొంతు తగ్గించి, ఆస్పత్రి వరండాలో మాట్లాడేవాడిలా గేలెన్‌తో మాట్లాడాడు. "అవును, వెర్లినే... కొంచెం కాదు... మార్లిస్‌కి తెలుసు, పాపం." వెర్లిన్ ఆ మూడు ముక్కలూ విని, టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

మళ్ళీ లోపలికి వెళ్ళారు. మూల తవ్వి తెరిచారు. కిటికీ పూర్తిగా తీశారు. భయం పోక జిప్పు కూడా సగం దాకా వదిలేశారు. హీటరు వెలిగించి మీట ఆఖరి గుర్తుకి దించారు. ఈసారి అది ఆరలేదు. పడమటి గాలి ఒకవైపునుంచి వచ్చి, ఆ వేడిని తీసుకుని, రెండోవైపునుంచి వెళ్ళిపోయింది. లోపల ఎంత చల్లగా ఉందో బయటా అంతే ఉంది. మధ్యలో హీటరు ఎర్రగా, ఊరంతటికీ కనిపించేలా మండుతోంది. ఆర్డెల్ దాని మీట సరిచేశాడు. తర్వాత వెర్లిన్ సరిచేశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు వెర్లిన్.

"అదో రకంగా ఉంది," అన్నాడు ఆర్డెల్, ఎడమవైపు బకెట్ మీద సర్దుకు కూర్చుంటూ.

ఆదివారం చర్చి హాల్లో కాఫీల దగ్గర బెర్నీస్ అల్లడం పూర్తయిన మేజోళ్ళు పట్టుకుని వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపి, చూడనట్టు చూశారు.

"నీకే అబ్బాయ్. ఉన్నివి."

"అయ్యో, ఎందుకండీ మీకు శ్రమ," అన్నాడు వెర్లిన్.

"వేసుకో నాయనా, చలిమనిషివి."

"వద్దండీ, నాకు ఉన్నాయి."

గేలెన్ ఫోన్ చేత్తో పట్టుకుని అటే వస్తున్నాడు. ఆర్డెల్ కాఫీ కప్పుతో అడుగు పక్కకి వేసి అతనికి అడ్డం నిలబడ్డాడు, బెర్నీస్ మూడోసారి అడిగేదాకా.